చిగుళ్ళు బాగు చేయిస్తే నెలలు నిండుతాయా? అక్క అడిగిన ప్రశ్న, వందేళ్ళ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ మా ఇంట్లో మొదలవుతుంది, కాబట్టి ముందు మా ఊరి గురించి ఒక్క మాట.

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సులో వెళ్ళేవాళ్ళందరికీ కీసర అంటే టోల్ గేట్. హైదరాబాద్ పక్కన గుట్ట మీద గుడి ఉన్న కీసర కాదండి. జగ్గయ్యపేట, నందిగామ దాటాక, కంచికచర్ల రాకముందు వచ్చే కీసర. బస్సు స్లో అవుతుంది, మీకు మెలకువ వస్తుంది, "ఎక్కడిదాకా వచ్చాం?" అని పక్కాయన్ని అడుగుతారు చూడండి, అదే మా ఊరు.

మా అక్క మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. మూడో నెల నుంచే బ్రష్ చేస్తుంటే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చేది. అమ్మ, "కడుపుతో ఉన్నప్పుడు మామూలే, గట్టిగా తోమకు" అంది. పక్కింటి పెద్దమ్మ, "అసలు బ్రష్ మానెయ్, ఉప్పునీళ్ళు పుక్కిలించు" అంది. అయినా బావ పట్టుబట్టి ఒక పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. పేర్లు ఎందుకులెండి. ఆయన నోరు కూడా సరిగ్గా చూడలేదు. "ప్రెగ్నెంట్ కదా, ఇప్పుడు పళ్ళ జోలికి వెళ్ళకూడదు. డెలివరీ అయ్యాక రండి" అని పంపించేశాడు.

డెలివరీ 35వ వారంలోనే అయిపోయింది. పాప బరువు రెండు కేజీలు కూడా లేదు. పదకొండు రోజులు బాక్స్‌లో పెట్టారు. ఇప్పుడు దానికి రెండేళ్ళు, ఇల్లు పీకి పందిరేస్తోంది, ఆ భయం ఏమీ లేదు.

కానీ పోయిన నెల ఒక రాత్రి అక్క నాకు వాట్సాప్‌లో ఒక షార్ట్ వీడియో పంపింది. అందులో ఎవరో, "గర్భిణులకు చిగుళ్ళు బాగోకపోతే నెలలు నిండకుండానే కాన్పు అయిపోతుంది, చిన్న క్లీనింగ్‌తో ఆపొచ్చు" అని ముప్పై సెకన్లలో చెప్పేశాడు. దాని కింద అక్క ఒకే లైన్ రాసింది: "ఒరేయ్, అయితే నా వల్లేనా?"

వెంటనే "కాదులే" అని కొట్టొచ్చు. కొట్టలేదు, ఎందుకంటే నాకు నిజంగా తెలీదు. నేను బీటెక్ చదివినవాణ్ణి, డాక్టర్ని కాను. అందుకే మూడు వారాలు కూర్చుని ఈ వాదన ఎక్కడ పుట్టింది, ఎవరు పరీక్షించారు, చివరికి ఏం తేలింది అని చదివాను. ఇవాళ చెప్పేది అదే.

ముందు రెండు నంబర్లు గుర్తు పెట్టుకోండి. 37 వారాలు నిండకుండా పుడితే నెలలు నిండని బిడ్డ. రెండున్నర కేజీల కంటే తక్కువ ఉంటే తక్కువ బరువు బిడ్డ. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 1 కోటి 34 లక్షల మంది పిల్లలు నెలలు నిండకుండా పుట్టారని అంచనా. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరి కంటే ఎక్కువ. వేరే ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. అందుకే, "ఒక చిన్న క్లీనింగ్‌తో దీన్ని ఆపొచ్చు" అని ఎవరన్నా అంటే వినాలనిపిస్తుంది. సైంటిస్టులకి కూడా అలాగే అనిపించింది.

ఇంకోటి, కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు వాయడం, రక్తం కారడం అక్క ఊహ కాదు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు బాగా పెరగడంతో, పళ్ళ మీద అంతకుముందు ఉన్నంత పాచే ఉన్నా చిగుళ్ళు ఎక్కువ రియాక్ట్ అవుతాయి. 1963లో హరాల్డ్ లో, సిల్‌నెస్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. రెండో నెల నుంచి వాపు పెరుగుతూ ఎనిమిదో నెలకి పీక్‌కి వెళ్తుంది, తర్వాత తగ్గుతుంది. కాబట్టి "మామూలే" అన్న అమ్మ మాట సగం కరెక్ట్. మామూలుగా వచ్చేదే. కానీ మామూలుగా వచ్చేది కాబట్టి వదిలేయొచ్చు అన్న రెండో సగం తప్పు. పాచి గట్టిపడి గారగా మారి, చిగురు కిందికి దిగి, పన్ను పట్టు వదిలేదాకా వెళ్తే అది వేరే జబ్బు. దాన్ని డాక్టర్లు పెరియోడాంటైటిస్ అంటారు. మన సుశ్రుత సంహితలోనే నోటి జబ్బులు 65 అని లెక్క వేసి, అందులో 15 చిగుళ్ళకి సంబంధించినవి అని విడిగా పెట్టారు. చిగుళ్ళు మెత్తబడి రక్తం కారే జబ్బుకి శీతాదం అని పేరు కూడా ఉంది. అంటే చిగుళ్ళ జబ్బు గురించి మనకి ఎప్పటినుంచో తెలుసు. నోట్లో జబ్బుకీ కడుపులో బిడ్డకీ లింకు పెట్టడమే ఆధునిక కాలంలో జరిగింది.

ఆ కథ బెర్లిన్‌లో మొదలవుతుంది. విలోబీ మిల్లర్ అనే అమెరికన్ డెంటిస్ట్ అక్కడ పనిచేసేవాడు. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ ల్యాబ్‌లో పద్ధతులు నేర్చుకున్నాడు. 1891లో ఆయన ఒక మాట రాశాడు: నోరు అనేది ఒంట్లో మిగతా చోట్లకి ఇన్ఫెక్షన్ పంపించే కేంద్రం కావచ్చు. ఆ టైమ్‌కి అది చాలా పెద్ద ఐడియా. 1900లో విలియం హంటర్ అనే బ్రిటిష్ డాక్టర్ దాన్ని అందుకున్నాడు. 1910లో కెనడాలోని మాంట్రియల్‌లో ఒక స్పీచ్ ఇచ్చి, కుళ్ళిన పళ్ళ మీద బంగారు తొడుగులు వేసే డెంటిస్టులని ఉతికి ఆరేశాడు. అక్కడి నుంచి ఆ థియరీ వైరల్ అయిపోయింది.

కీళ్ళ నొప్పులా? పళ్ళు పీకు. కడుపు నొప్పా? పళ్ళు పీకు. ఇలా లక్షల పళ్ళు ఊడాయి. దీనికి పరాకాష్ఠ హెన్రీ కాటన్. మన గోదావరి కాటన్ దొర కాదండి, ఈయన వేరే. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, ట్రెంటన్‌లోని మానసిక ఆసుపత్రికి పెద్ద డాక్టర్. పిచ్చికి కారణం కూడా నోట్లో దాక్కున్న ఇన్ఫెక్షనే అని నమ్మి రోగుల పళ్ళు వేలల్లో పీకించాడు. పళ్ళతో తగ్గకపోతే టాన్సిల్స్, అదీ కాకపోతే పేగుల్లో ముక్కలు కూడా కోయించాడు. చాలామంది చచ్చిపోయారు. ఆయన మోసగాడా అంటే అదీ కాదు, తన సొంత కొడుకుల పళ్ళు కూడా పీకించాడు. అంతగా నమ్మాడు.

ఈ పిచ్చి ఎలా తగ్గిందంటే, లెక్క వేయడం మొదలుపెట్టాక తగ్గింది. 1938లో రస్సెల్ సెసిల్ అనే అమెరికన్ డాక్టర్, తన తోటి డాక్టర్‌తో కలిసి, కీళ్ళవాతం ఉన్న 200 మంది కేసులు తిరగేశాడు. అంతకుముందు ఆయన కూడా ఈ థియరీనే నమ్మినవాడు. పళ్ళు, టాన్సిల్స్ తీసేసినందువల్ల కీళ్ళు బాగుపడలేదని తేల్చి రాశాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళ పాటు, నోటికీ ఒంటికీ లింకు అంటే డాక్టర్లు నవ్వేవాళ్ళు.

ఈ పాత కథ ఎందుకు చెప్పానంటే, ఇలాంటిదే మళ్ళీ జరుగుతుంది. ఈసారి మాత్రం లెక్క త్వరగా వేశారు.

1980ల్లో ప్రసూతి డాక్టర్లు ఒకటి గమనించారు. నెలలు నిండని కాన్పుల్లో చాలా వాటికి ఇన్ఫెక్షన్‌తో సంబంధం ఉంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే దానితో పోరాడ్డానికి కొన్ని రసాయనాలు విడుదలవుతాయి. వాటిలో ప్రోస్టాగ్లాండిన్ ఒకటి. అదే ప్రోస్టాగ్లాండిన్ కాన్పు నొప్పులు రావడానికి కూడా పనికొస్తుంది. మరి చిగుళ్ళ కింద నెలల తరబడి ఇన్ఫెక్షన్ ఉంటే? అక్కడి బ్యాక్టీరియా గానీ, ఆ రసాయనాలు గానీ రక్తంలో కలిసి కడుపుదాకా వెళ్తే?

ఈ ప్రశ్న వేసింది స్టీవెన్ ఆఫెన్‌బాకర్ టీమ్, అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో. ముందు 1994లో చిట్టెలుకల లాంటి హామ్‌స్టర్ల మీద చూశారు. చిగుళ్ళ జబ్బు తెప్పించే బ్యాక్టీరియా ఇస్తే కడుపులో పిల్లల బరువు తగ్గింది. తర్వాత 1996లో 124 మంది తల్లుల్ని చూశారు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం, చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళలో ఏడు రెట్ల కంటే ఎక్కువ కనిపించింది. పొగ తాగడం, వయసు లాంటివి లెక్కలో సర్దాక కూడా అంత.

ఏడు రెట్లు! అక్క చూసిన షార్ట్ వీడియోకి తాత ఈ పేపరే.

ఇక్కడ నా పాత ఉద్యోగం నుంచి ఒక ఉదాహరణ. ఒకరోజు మా సైట్ డౌన్ అయింది. అదే టైమ్‌లో డిస్క్ నిండిపోయిందని అలర్ట్ వచ్చింది. అందరం, "డిస్క్ వల్లే డౌన్" అని డిస్క్ ఖాళీ చేశాం. సైట్ లేవలేదు. తీరా చూస్తే ట్రాఫిక్ ఒక్కసారిగా పెరిగింది. దానివల్ల లాగ్స్ నిండి డిస్క్ నిండింది, దానివల్లే సైట్ కూడా పడిపోయింది. రెండూ కలిసి కనిపించాయి. కానీ ఒకటి ఇంకోదానికి కారణం కాదు, రెంటికీ కారణం మూడోది.

చిగుళ్ళ విషయంలో ఆ మూడోది ఏది కావచ్చు? పేదరికం, రక్తహీనత, పొగాకు, సరైన తిండి లేకపోవడం, నెలలు నిండేదాకా కూలి పనికి వెళ్ళడం. మా వైపు పత్తి తీతకి, మిర్చి కోతకి వెళ్ళే ఆడవాళ్ళని చూడండి. ఆ మనిషికి చిగుళ్ళు బాగోకపోవడానికీ బిడ్డ తక్కువ బరువుతో పుట్టడానికీ ఒకే కష్టం కారణం అయ్యుండొచ్చు. లెక్కలో ఎంత సర్దినా పేదరికం పూర్తిగా సర్దుబాటు కాదు.

దీన్ని తేల్చడానికి ఒకటే దారి, ఏ-బీ టెస్ట్. చిగుళ్ళ జబ్బు ఉన్న గర్భిణుల్ని లాటరీ వేసి రెండు గ్రూపులు చేయాలి. ఒక గ్రూపుకి కడుపుతో ఉండగానే గార తీసి, చిగుళ్ళ కింద క్లీన్ చేయాలి. రెండో గ్రూపుకి అదే వైద్యం కాన్పు తర్వాత చేయాలి. ఎవరికీ వైద్యం ఎగ్గొట్టినట్టు కాదు, టైమ్ మాత్రమే తేడా. తర్వాత ఏ గ్రూపులో ఎంతమందికి నెలలు నిండలేదో లెక్కపెట్టాలి.

మొదటి పెద్ద రిజల్ట్ 2002లో చిలీ దేశం నుంచి వచ్చింది. శాంటియాగోలో లోపెజ్ అనే డాక్టర్ టీమ్ 400 మంది గర్భిణులతో మొదలుపెట్టింది. చివరిదాకా 351 మంది ఉన్నారు. కడుపుతో ఉండగా వైద్యం చేయించుకున్నవాళ్ళలో నెలలు నిండని లేదా తక్కువ బరువు కాన్పులు 1.84 శాతం. మిగతావాళ్ళలో 10.11 శాతం. అంటే ఐదు రెట్ల తేడా! 2007లో మన పక్కనే బెంగళూరులో తరన్నుమ్, ఫైజుద్దీన్ అనే ఇద్దరు 200 మందితో చేసిన ట్రయల్‌లో కూడా వైద్యం వల్ల లాభం కనిపించింది. ఆ రోజుల్లో ఇది ఇంకో ఫోలిక్ యాసిడ్ అవుతుందని ఆశపడటంలో తప్పేం లేదు.

ఫోలిక్ యాసిడ్ అంటే గుర్తొచ్చింది. ఏఎన్ఎం అక్క ఇచ్చే ఐరన్-ఫోలిక్ మాత్ర వెనక మన తెలుగాయన ఉన్నాడని మీలో ఎంతమందికి తెలుసు? లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 1928లో బొంబాయి వచ్చి, గర్భిణులకి, ముఖ్యంగా మిల్లు కార్మికులకి వచ్చే రక్తహీనత మీద పనిచేసింది. ఈస్ట్ నుంచి తీసిన పదార్థంతో అది తగ్గుతోందని 1931లో రాసింది. ఆ పదార్థంలో ఉన్నది ఫోలిక్ యాసిడ్. దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో కృత్రిమంగా తయారుచేసిన టీమ్‌ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

తర్వాత 1991లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్, బిడ్డ వెన్నులో వచ్చే పుట్టు లోపాన్ని ఫోలిక్ యాసిడ్ చాలావరకు ఆపుతుందని తేల్చింది. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లుల్లో చేసిన ట్రయల్ అది. 72 శాతం రక్షణ కనిపించింది. కానీ ఒక షరతు ఉంది. బిడ్డ వెన్ను గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకుపోతుంది. చాలామందికి అప్పటికి కడుపుతో ఉన్నామనే తెలీదు. అందుకే ఆ మాత్ర గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. మూడో నెలలో మొదలుపెడితే రక్తానికి మంచిదే గానీ, ఆ పనికి మాత్రం లేటు. ఈ టైమింగ్ అన్న మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

ఇప్పుడు అసలు పెద్ద ట్రయల్స్.

2006 నవంబర్‌లో ఒక రిజల్ట్ వచ్చింది. అమెరికాలో నాలుగు చోట్ల, మిన్నెసోటా, కెంటకీ, మిసిసిపీ, న్యూయార్క్‌లలో 823 మంది గర్భిణులతో మైఖలోవిచ్ అనే ఆయన టీమ్ చేసింది. 21 వారాలలోపు చిగుళ్ళు బాగుచేయించుకున్నవాళ్ళలో నెలలు నిండని కాన్పులు 12.0 శాతం. కాన్పు తర్వాత చేయించుకున్నవాళ్ళలో 12.8 శాతం. తేడా లేనట్టే. చిగుళ్ళు మాత్రం బాగుపడ్డాయి.

2009లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వెయ్యి మందికి పైగా గర్భిణులతో చేశారు. తేడా లేదు.

అదే 2009లో ఇంకోటి వచ్చింది, నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చింది ఇదే. సుమారు 1,800 మంది గర్భిణులతో పెద్ద ట్రయల్. చేసింది ఎవరో తెలుసా? ఆఫెన్‌బాకరే. 1996లో ఏడు రెట్లు అని చెప్పినాయనే. పదమూడేళ్ళు ఆయన పేరు నిలబడింది ఆ ఐడియా మీదే. రిజల్ట్ ఏంటంటే, వైద్యం చేసినవాళ్ళలో 13.1 శాతం, చేయనివాళ్ళలో 11.5 శాతం. లాభం లేదు. ఆ రిజల్ట్‌ని దాచలేదు, సాగదీయలేదు, తన పేరుతోనే అచ్చు వేయించాడు. ట్రెంటన్‌లో హెన్రీ కాటన్ చేయలేని పని అది. తన ఐడియాని తనే టెస్ట్‌కి పెట్టి, ఫెయిల్ అయితే ఫెయిల్ అని రాసుకోవడం.

2017లో కాక్రేన్ అనే సంస్థ అప్పటిదాకా జరిగిన 15 ట్రయల్స్‌ని, అంటే 7,161 మంది గర్భిణుల లెక్కని ఒకచోట చేర్చింది. నెలలు నిండని కాన్పులు ఈ వైద్యంతో తగ్గుతాయని చెప్పలేం అంది. తక్కువ బరువు మాత్రం కొంత తగ్గొచ్చేమో, కానీ ఆ రుజువు బలహీనం అంది.

అయితే మొత్తం థియరీ తప్పేనా? ఇక్కడే కొంచెం జాగ్రత్త.

2010లో ఒక కేసు రిపోర్ట్ వచ్చింది. కాలిఫోర్నియాలో 35 ఏళ్ళ ఒక తల్లికి దాదాపు నెలలు నిండాక కడుపులోనే బిడ్డ చనిపోయింది. యిపింగ్ హాన్ అనే శాస్త్రవేత్త టీమ్ చూస్తే, బిడ్డ ఒంట్లో ఫ్యూసోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా ఉంది. అది నోట్లో ఉండేది. తల్లి చిగుళ్ళ కింది పాచి తీసి పోల్చారు. అదే రకం దొరికింది. ఆవిడకి కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళ నుంచి బాగా రక్తం కారేది. అంటే నోటి నుంచి మాయ దాటి బిడ్డదాకా దారి ఉంది, అది నిజం. అలా ఎంతమందిలో జరుగుతుంది, మధ్యలో క్లీనింగ్ చేస్తే ఆగుతుందా అన్నవి వేరే ప్రశ్నలు. దారి ఉన్నంత మాత్రాన ఆ దారిన రోజూ బస్సు నడుస్తుందని కాదు.

మరి ట్రయల్స్‌లో ఎందుకు తేడా రాలేదు? రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి, నేను చెప్పిన ఆ మూడో కారణం. పేదరికం అలాగే ఉంచి గార మాత్రం తీస్తే కాన్పు ఎందుకు మారుతుంది? రెండోది టైమింగ్. ఈ ట్రయల్స్‌లో వైద్యం మొదలయ్యేసరికి నాలుగో నెలో, ఐదో నెలో. ఏళ్ళ తరబడి చిగుళ్ళ కింద ఉన్న జబ్బుని ఐదో నెలలో రెండు మూడు సిట్టింగుల్లో తీస్తే, అప్పటికే జరగాల్సింది జరిగిపోయి ఉండొచ్చు, ఫోలిక్ యాసిడ్ కథలాగా. గర్భానికి ముందే చేస్తే ఫలితం ఉంటుందేమో. ఇది బలమైన అనుమానమే గానీ, ఇంకా రుజువు కాలేదు.

ఈ అనుమానానికి కొంచెం ఊతం ఆఫ్రికా నుంచి వచ్చింది. మలావీ దేశంలో కెర్‌స్టి ఆగార్డ్ అనే డాక్టర్ టీమ్ పది వేల మందికి పైగా ఆడవాళ్ళతో ఒక ట్రయల్ చేసింది. క్లీనింగ్ కాదు, చూయింగ్ గమ్. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న గమ్. గర్భానికి ముందు నుంచి గానీ, 20 వారాలలోపు గానీ మొదలుపెట్టి రోజూ నమలమన్నారు. 2022లో రిజల్ట్ చెప్పారు. గమ్ నమిలినవాళ్ళలో నెలలు నిండని కాన్పులు 12.6 శాతం, మిగతావాళ్ళలో 16.5 శాతం. మంచి తేడా. కానీ బాబూ, ఇది విని రేపు కిరాణా కొట్టుకి పరిగెత్తకండి. అక్కడ దొరికే గమ్ చాలావాటిలో ఉండేది చక్కెర. పైగా ఇది ఒక దేశంలో చేసిన ఒక ట్రయల్. 2002లో చిలీ రిజల్ట్ చూసి కూడా ఇలాగే సంబరపడ్డాం కదా.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ ట్రయల్స్ ఫెయిల్ అయ్యాయని అందరూ అంటారు. నా దృష్టిలో అవి ఒక పెద్ద విషయంలో పాస్ అయ్యాయి. వేల మంది గర్భిణులకి గార తీశారు, చిగుళ్ళ కింద క్లీన్ చేశారు, అవసరమైనచోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. 2006 ట్రయల్ ప్రత్యేకంగా చూసి చెప్పింది: దీనివల్ల తల్లికి గానీ బిడ్డకి గానీ హాని పెరగలేదు, చిగుళ్ళు బాగుపడ్డాయి. 2013లో అమెరికా ప్రసూతి డాక్టర్ల సంఘం దీన్ని స్పష్టంగా రాసింది. కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ వైద్యం సురక్షితం, అవసరమైతే జాగ్రత్తలతో ఎక్స్‌రే కూడా తీయొచ్చు, వాయిదా వేయకండి అని. కాన్పు ఫలితాలు మెరుగవుతాయని రుజువు కాలేదన్న మాట కూడా అందులోనే రాసింది. రెండూ ఒకే కాగితం మీద.

అంటే మా అక్కకి రెండు వైపుల నుంచీ తప్పే చెప్పారు. "డెలివరీ అయ్యాక రండి" అన్నాయన తప్పు. ఆయన పంపించేయడం వల్ల ఆవిడ ఆరు నెలలు నొప్పితో, రక్తంతో గడిపింది. "క్లీనింగ్ చేయించి ఉంటే నెలలు నిండేవి" అన్న షార్ట్ వీడియో కూడా తప్పు. దానివల్ల ఆవిడ రెండేళ్ళ తర్వాత అర్ధరాత్రి తనని తాను నిందించుకుంది. మన దగ్గర బిడ్డకి ఏం జరిగినా మొదటి వేలు తల్లి వైపే వెళ్తుంది. ఏం తిన్నావ్, ఏం ఎత్తావ్, ఎటు తిరిగి పడుకున్నావ్. ఆ లిస్టులో ఇప్పుడు "పళ్ళు సరిగ్గా తోమావా" అని ఇంకోటి చేర్చొద్దు.

మరి ఏం చేయాలి? నాకు అర్థమైనంతవరకు చెప్తాను, మీ డాక్టర్‌తో మాట్లాడి చేయండి.

పెళ్ళి కుదిరినప్పుడో, పిల్లల గురించి ఆలోచిస్తున్నప్పుడో ఒకసారి పళ్ళ డాక్టర్‌కి చూపించుకోండి. దుద్దులకి, చీరలకి టైమ్ దొరికినప్పుడు దీనికీ ఒక పూట దొరుకుతుంది. కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తే బ్రష్ మానకండి. మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోమండి, మానేస్తే పాచి పెరిగి రక్తం ఇంకా ఎక్కువ కారుతుంది. వాంతి అయిన వెంటనే తోమకండి, ఆ పులుపుకి పన్ను పైపొర మెత్తబడి ఉంటుంది. నీళ్ళలో కొంచెం వంటసోడా కలిపి పుక్కిలించి, కాసేపాగి తోమండి. క్లీనింగ్ ఏ నెలలో అయినా చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరో నెల మధ్య కుర్చీలో పడుకోవడానికి ఎక్కువ సుఖంగా ఉంటుంది. డాక్టర్‌కి మీరు గర్భిణి అని ముందే చెప్పండి. టెట్రాసైక్లిన్ జాతి మందులు కడుపులో ఉన్న బిడ్డ పళ్ళకి పసుపు మరక తెస్తాయి కాబట్టి అవి ఇవ్వరు. విచిత్రం చూడండి, ఆ జాతి మందుల్లో మొదటిది ఆరియోమైసిన్. అది కూడా సుబ్బారావు గారు నడిపించిన ఆ లెడర్లీ ల్యాబ్ నుంచే 1948లో బయటికి వచ్చింది.

ఎవరన్నా "కాన్పు అయ్యాక రండి" అంటే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మా వైపు వాళ్ళకి విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత చెకప్ ఉంటుంది. 2016 నుంచి నడుస్తోంది. బీపీ, రక్తం, బరువు చూస్తారు. ఆ రోజు, "మేడమ్, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, పళ్ళ డాక్టర్‌కి రాసివ్వండి" అని మీరే నోరు తెరిచి అడగండి. తీసుకెళ్ళే బాధ్యత భర్తలది, తమ్ముళ్ళది కూడా. ఆ రోజు బావ ఒక్క క్లినిక్‌తో ఆగిపోయాడు. నేను ఆ రోజు హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు ఉన్నాను. ఫోన్ చేసి "ఇంకో చోట చూపించండి" అని ఒక్క మాట అనలేదు. నాకు తెలీదు కాబట్టి అనలేదు. ఇప్పుడు తెలుసు.

పోయిన ఆదివారం కీసర వెళ్ళాను. పాప టోల్ గేట్ వైపు వెళ్ళే లారీలకి టాటా చెప్తోంది. అక్కని పక్కన కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. చిలీ, పెర్త్, నార్త్ కరోలినా, అన్నీ. చివరిదాకా విని, "అంటే నా వల్ల కాదంటావ్" అంది.

"ఒక్కరి విషయంలో కారణం ఇదీ అని ఏ ట్రయలూ చెప్పలేదక్కా. కానీ క్లీనింగ్ చేయించి ఉంటే ఆగేదని అన్నవాడు మాత్రం రుజువు లేకుండా అన్నాడు. దాదాపు 1,800 మందికి చూసి, ఆ ఐడియా పుట్టించినాయనే లాభం లేదని రాశాడు" అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సరే గానీ, ఇప్పుడు చేయించుకోవచ్చా క్లీనింగ్?" అంది. రక్తం ఇంకా వస్తోందట. రెండేళ్ళుగా బిడ్డ గొడవలో పడి తన నోటి సంగతే మర్చిపోయింది. వచ్చే శనివారం విజయవాడ తీసుకెళ్తున్నాను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ప్రశ్న ఎవరైనా మనసులో పెట్టుకుని ఉండొచ్చు. వాళ్ళకి ఈ ఎపిసోడ్ పంపండి. మళ్ళీ ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను.